గోడ ఆరలేదని తెలిసీ యంత్రాలు తీసేశాను, ఇప్పుడేం చేయాలి?

అమెరికాలో హ్యూస్టన్‌ను ఆనుకుని ఉన్న కేటీ నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. స్వస్థలం నరసరావుపేట దగ్గర పల్లె. సివిల్‌లో డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టేచోట సైట్ సూపర్‌వైజరుగా కొంతకాలం పనిచేశారు. పెళ్లయి, భార్య ద్వారా గ్రీన్‌కార్డు వచ్చాక, నీళ్లు చేరి పాడైన ఇళ్లను ఆరబెట్టి బాగుచేసే ఒక రెస్టొరేషన్ కంపెనీలో టెక్నీషియన్‌గా చేరారు. చేరి ఐదు నెలలు కావస్తోంది. శిక్షణ పేరుతో కొన్ని వీడియోలు చూపించి, కొన్నాళ్లు లీడ్ (బృందానికి పెద్ద) వెంట తిప్పి, ఆ తర్వాత ఒంటరిగా ఇళ్లకు పంపి రోజూ తేమ కొలిచి రమ్మంటున్నారట. మొదట్లో ఏం చేయాలో తోచక ఒకే పూట పదేపదే ఫోన్ చేస్తే, "ప్రతిదానికీ నన్నే అడిగితే ఇక నువ్వెందుకు?" అని లీడ్ అందరి ముందూ అన్నాడట. అప్పటి నుంచి ఈయన ఫోన్ చేయడం మానేశారు.

అసలు చిక్కు ఒక తెలుగువారి ఇంట్లో వచ్చింది. ఫ్రిజ్ వెనుక ఐస్‌మేకర్‌కు నీళ్లు వెళ్లే సన్నని గొట్టం పగిలి, వంటగదీ దాని పక్కనున్న పూజగదీ తడిశాయి. ప్లంబర్ గొట్టం మార్చాడు. లీడ్ వచ్చి గోడల అడుగున ఉండే అంచు పలకలు (బేస్‌బోర్డులు) తీయించి, ఎయిర్ మూవర్లనే పెద్ద ఫ్యాన్లు, గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ పెట్టించి వెళ్లాడు. మూడు రోజుల్లో మిగతా గోడలన్నీ దారికి వచ్చాయి. రెండు గదుల మధ్య గోడ చట్రానికి అడుగున నేలను ఆనుకుని ఉండే చెక్కలో మాత్రం తేమ మీటరు అంకె 27, 26, 26 దగ్గరే ఆగిపోయింది. ఆ మాట లీడ్‌కు చెబితే, "మూడు రోజులు చాలు, మిగిలింది గాలికి అదే ఆరుతుంది, ఆ సామాను వేరే ఇంటికి కావాలి, తీసెయ్" అన్నాడు. ఈయన తీసేశారు. వచ్చేటప్పుడు ఆ ఇంటి పెద్దావిడ "ఆరిపోయినట్టేనా నాన్నా?" అని అడిగితే "ఆరిపోతుంది ఆంటీ, ఏం ఫర్వాలేదు" అని చెప్పి వచ్చారు.

మూడు వారాల తర్వాత ఆవిడ ఈయన సొంత నంబరుకు ఫోన్ చేశారు. పూజగదిలో ముక్కవాసన వస్తోందని, కంపెనీకి చెబితే ఈయన ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందేమోనని ముందుగా ఈయనకే చెబుతున్నానని అన్నారు. ఆదివారం మీటరు తీసుకుని వెళ్లి, తానే గోడ కొంచెం కోసి చూసి బాగుచేసి రావాలా, ఏమీ ఎరగనట్టు ఉండిపోవాలా, లీడ్‌ను దాటి కంపెనీ యజమానికి చెప్పాలా, అసలు ఈ పని తనకు సరిపడదని మానేయాలా అని పాఠకుడి ప్రశ్న.

*

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం లీడ్ గురించి, మీ భయం గురించి ఉంది. గోడ గురించి ఉన్నది కొన్ని వాక్యాలే. కానీ నాకు కావలసిన సంగతులు చాలావరకు ఆ వాక్యాల్లోనే ఉన్నాయి. "ఆంటీ గారు పొద్దునా సాయంత్రం దీపం కొండెక్కుతుందని ఫ్యాన్లు ఆపేవారు. గోడకు పాలరాయిలా కనిపించే ప్లాస్టిక్ షీటు అంటించి ఉంది, దాని ముందు బరువైన మందిరం. దాన్ని కదపమని అడగడానికి నాకు నోరు రాలేదు" అని ఏదో మాటవరసకు రాసినట్టు రాశారు. ఎవరి మాట వినాలన్న ప్రశ్న మిమ్మల్ని ఎంతగా పట్టుకుందంటే, గోడ ఎందుకు ఆరలేదన్న ప్రశ్న వెనక్కి పోయింది. అదే ఆరుతుందని లీడ్ అన్నారు, ఆరలేదని మీరు అన్నారు. కారణం వెతికినవారు మాత్రం ఎవరూ లేరు. కారణం మీ చేతిలో ఉంటే మీ ఇద్దరి సంభాషణ వేరుగా జరిగి ఉండేది. అందుకే ముందు గోడ సంగతి మాట్లాడతాను.

26 అన్న అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. అదే ఇంట్లో నీళ్లు తగలని గోడ అడుగు చెక్క ఎంత చూపించింది? ఆ అంకె మీ ఉత్తరంలో లేదు, మీ పుస్తకంలో కూడా లేదని అనుమానిస్తున్నాను. ఈ రంగానికి ప్రమాణాలు రాసే ఐఐసీఆర్‌సీ అనే సంస్థ వారి ఎస్‌500 అనే ప్రమాణ గ్రంథంలో ఆరిందా లేదా అన్నది తేల్చే పద్ధతి ఇదే: తడవని చోట అదే రకం వస్తువును కొలిచి, దానితో పోల్చి లక్ష్యం పెట్టుకోవాలి. మీ ప్రాంతంలో ఇళ్లు కాంక్రీటు స్లాబు మీద కడతారు కాబట్టి, స్లాబును తాకి ఉండే అడుగు చెక్క సాధారణంగా పుచ్చిపోకుండా మందు పట్టించిన చెక్క అయి ఉంటుంది. ఆ మందులోని లోహ లవణాల వల్ల సూదుల మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. సూది మేకుకు తగిలినా అంతే. తడవని గోడలో అదే చెక్క 22 చూపిస్తే మీ గోడ దాదాపు ఆరినట్టే, 13 చూపిస్తే అది నిజంగా తడిగా ఉన్నట్టే. ఒక చోట అంకె కదలకపోతే, ఓ అంగుళం పక్కన ఒకసారి, అడుగు దూరంలో మరోసారి సూదులు గుచ్చి చూడాలి. అలాగే, చెక్క కోసం చేసిన స్కేలుతో షీట్‌రాక్‌ను (గోడకు బిగించే జిప్సం పలకను) కొలిస్తే వచ్చే అంకె తేమ శాతం కాదని గుర్తుంచుకోండి. ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది మాత్రమే అది చెబుతుంది.

అయినా ఇప్పుడు ముక్కవాసన వస్తోంది కాబట్టి తేమ నిజంగానే ఉండిపోయిందని అనుకుని ముందుకు వెళ్దాం. ఆరని గోడ ముందు నిలబడినప్పుడు నేను మూడు సంగతులు వరుసగా చూస్తాను: నీళ్లు ఇంకా వస్తున్నాయా, గాలి తడిని చేరుతోందా, ఆ గాలికి తేమను పీల్చుకునే శక్తి ఉందా.

మొదటిది అందరూ వదిలేసేది. ప్లంబర్ పగిలిన గొట్టం మార్చాడంటే ఆ గోడలో ఇంకో లీకు లేదని కాదు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టించి, ఐస్‌మేకర్ ఆపించి, వీధి అంచున నేలలో ఉండే నీటి మీటరు మూత తెరిచి చూడండి. చాలా మీటర్లలో చిన్న లీకును పట్టేందుకు ఒక చిన్న త్రికోణమో, చక్రమో ఉంటుంది. ఎవరూ నీళ్లు వాడని సమయంలో అది మెల్లగా తిరుగుతుంటే ఎక్కడో నీరు పోతున్నట్టే. ఖర్చు లేని పరీక్ష, కాసేపట్లో అయిపోతుంది. ఇది చేయకుండా ఎన్ని రోజులు యంత్రాలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

రెండోదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉందని నా అభిప్రాయం. పాలరాయిలా కనిపించే ఆ ప్లాస్టిక్ (వినైల్) షీటు ఆవిరిని బయటికి పోనివ్వదు. ఒక పక్క వంటగది అల్మరాలు, ఇంకో పక్క షీటు, దాని ముందు మందిరం. మధ్యలో ఇరుక్కున్న తడి ఎటు పోతుంది? ఎయిర్ మూవరు చేసే పని తడి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే చెమ్మ గాలిని అక్కడి నుంచి ఊడ్చేయడం. ప్లాస్టిక్ మీద గాలి ఎంత కొట్టినా లోపలి చెక్కకు తగలదు. ఇలాంటి గోడకు షీటు తీయడమో, అడుగున రంధ్రాలు వేసి లోపలికి గాలి పంపడమో, వంటగది వైపు అల్మరాల కింద పలక తీసి అటు నుంచి ఆరబెట్టడమో చేయవలసి ఉంటుంది. దానికి తోడు ఫ్యాన్లు ఎన్ని గంటలు ఆగాయో మీకు తెలియదు. చాలా డీహ్యూమిడిఫయర్లలో గంటలు లెక్కించే మీటరు ఉంటుంది. నిన్నటి అంకెను నేటి అంకెతో పోలిస్తే అది రాత్రంతా నడిచిందో లేదో తెలుస్తుంది. డీహ్యూమిడిఫయర్‌ను కూడా ఆపారా, లేక ఫ్యాన్లనే ఆపారా అన్నది దాంతో తేలిపోతుంది. చప్పుడుకు నిద్ర పట్టక, కరెంటు బిల్లుకు భయపడి, బ్రేకరు పడిపోయి యంత్రాలు ఆగడం ఈ పనిలో మామూలే. అడగకపోతే ఇంటివారు చెప్పరు, తప్పు చేశామని వారికి తెలియదు కూడా.

మూడోదానిలో కొత్తవారు తేలిగ్గా మోసపోతారు. సాపేక్ష తేమ తగ్గగానే గది ఆరుతోందని రాసేస్తారు. 75 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 50 శాతం సాపేక్ష తేమ ఉన్న గాలిలో, పౌను గాలికి సుమారు 65 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువుకు ఒక చిన్న కొలత) నీరు ఉంటుంది. యంత్రాల వేడికి గది 90 డిగ్రీలకు చేరి తేమ 40 శాతానికి పడిపోయిందనుకోండి, అంకె తగ్గిందని సంతోషిస్తాం గానీ ఆ గాలిలో సుమారు 84 గ్రెయిన్ల నీరు ఉంది. అంటే నీరు పెరిగింది. అందుకే గ్రెయిన్లు రాయాలి. డీహ్యూమిడిఫయర్‌లోకి వెళ్లే గాలికీ, బయటికి వచ్చే గాలికీ మధ్య గ్రెయిన్ల తేడా ఎంతో కూడా రాయాలి. ఆ తేడా లేకపోతే యంత్రం ఉత్త చప్పుడు చేస్తోందన్నమాట. "గాలికి అదే ఆరుతుంది" అన్న లీడ్ మాట పొడి వాతావరణం ఉన్న ఊళ్లో కొంత చెల్లుతుందేమో గానీ, హ్యూస్టన్ వేసవిలో కిటికీ తెరిస్తే తేమ లోపలికే వస్తుంది.

మందిరం గురించి ఒక మాట చెప్పాలి. మీరు తెలుగువారు కావడం ఆ ఇంట్లో మీకు దొరికిన గొప్ప వసతి. దాన్ని మీరే మొహమాటంగా మార్చుకున్నారు. మరో టెక్నీషియన్‌కు మందిరం ఒక బరువైన సామాను, అంతే. దాన్ని ఎవరు ముట్టుకోవాలో, ఎలా అడగాలో మీకు తెలుసు. "ఆంటీ, ఈ గోడ ఆరాలంటే మందిరం ఓ నాలుగు రోజులు పక్క గదిలో ఉండాలి. దేవుడి పటాలు, విగ్రహాలు మీరే మీ చేతులతో తీసి పెట్టుకోండి, చెక్క మందిరం మేం జరుపుతాం. దీపం అక్కడే పెట్టుకోవచ్చు, ఇక్కడ ఫ్యాన్లు ఆపే పని ఉండదు" అని చెబితే ఒప్పుకోని పెద్దవారు అరుదు. మంచి రోజు చూసుకోవాలంటే ఆ మాట లీడ్‌కు చెప్పి, రికార్డులో రాసి, ఆ రోజు వరకు వంటగది వైపు నుంచి ఆరబెట్టవచ్చు. అయినా ఒప్పుకోకపోతే, "ఇంటివారు ఈ గోడను తెరవడానికి అంగీకరించలేదు, దానివల్ల ఆరకపోవచ్చని వివరించాం" అని రాసి వారి సంతకం తీసుకోవడం పద్ధతి.

ఇప్పుడు లీడ్ సంగతి. ఆయన అందరి ముందూ అన్న మాట తప్పే, దాన్ని నేను సమర్థించను. అయితే ఆయన వైపు నుంచి కూడా చూడండి. యంత్రాలు చాలవు. నష్టాన్ని లెక్కగట్టే ఇన్సూరెన్స్ అడ్జస్టరు యంత్రానికి రోజుకింత అని లెక్కగట్టి, నాలుగో రోజు ఎందుకు అవసరమైందో చూపించమంటాడు. చూపించడానికి ఆయన దగ్గర మీ అంకెలు తప్ప ఇంకేమీ లేవు. మీరు ఫోన్ చేసి "ఇది ఆరడం లేదు, ఏం చేయమంటారు?" అంటే, ఇల్లు చూడకుండానే ఆలోచించే భారమంతా ఆయన మీద పడుతుంది. అదే సంగతిని "మధ్య గోడ అడుగు చెక్క మూడు రోజులుగా 27, 26, 26, తడవని గోడలో అదే చెక్క 13. నీటి మీటరు కదలడం లేదు కాబట్టి లీకు లేదు. పూజగది వైపు వినైల్ షీటు ఉంది, ఆవిరి పోవడం లేదనుకుంటున్నాను. షీటు తీయడానికి అనుమతి కావాలి, ఒక ఎయిర్ మూవరూ డీహ్యూమిడిఫయరూ ఇంకో రెండు రోజులు ఉంచాలి. ఫొటోలు పంపాను" అని రాసి పంపితే, ఆయన ఔనో కాదో చెప్పాలి. కాదంటే ఆ కాదన్నది కూడా రాతలో ఉంటుంది. మూడు రోజులన్నది తేలిక పనుల వల్ల అలవాటైన లెక్క. లక్ష్యం చేరేదాకా రోజూ కొలుస్తూ ఉండమనే ప్రమాణం చెబుతుంది.

ఇక ముక్కవాసన వస్తున్న గోడ దగ్గరికి వద్దాం. తడిసిన వస్తువులను 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెడితే చాలావరకు బూజు పట్టకుండా ఆపవచ్చని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ చెబుతుంది. మీ గోడకు మూడు వారాలు దాటాయి. కాబట్టి లోపల మోల్డ్ (బూజు) ఉందనే అనుకుని నడుచుకోవాలి, అందుకే మీ ఆదివారం ఆలోచన నన్ను నిజంగా కలవరపెట్టింది. మీ ఉద్దేశం మంచిదే, ఆవిడ మీద అభిమానంతోనే అనుకున్నారు. కానీ ప్లాస్టిక్ తెర కట్టకుండా, సన్నని రేణువులను పట్టే హెపా ఫిల్టరుతో గాలిని బయటికి లాగే యంత్రం లేకుండా ఆ గోడ కోస్తే, ఇప్పటిదాకా ఒక గోడలో ఉన్న బూజు రేణువులు ఇల్లంతా పరచుకుంటాయి. ఆ ఇంట్లో ఉన్నది పెద్దావిడ. టెక్సస్‌లో ఒకే చోట 25 చదరపు అడుగులు, అంతకు మించి మోల్డ్ ఉంటే దాన్ని తొలగించడానికి రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్‌ఆర్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఎంతుందో అంచనా వేసినవారే దాన్ని తొలగించే పని కూడా చేయకూడదు. గోడ తెరవకముందే ఎన్ని అడుగులు ఉందో మీకు తెలిసే వీలు లేదు. అన్నింటికీ మించి, మీరు కోసేస్తే ఆవిడ ఇన్సూరెన్స్ కంపెనీకి చూపించడానికి అసలు స్థితి మిగలదు, కంపెనీ మీటరుతో సెలవురోజు సొంతంగా పని చేశారన్న మాట మీ మీద మిగులుతుంది.

ఏమీ ఎరగనట్టు ఉండిపోతే మీకు కొన్నాళ్లు ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ ఆవిడ మీకు ఫోన్ చేశారు, ఆ కాల్ మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. పైగా నష్టం కనబడగానే తెలియజేయాలనే నిబంధన, మోల్డ్‌కు చెల్లింపులో పరిమితులు ఇళ్ల పాలసీల్లో సాధారణంగా ఉంటాయి. మీరు మౌనంగా ఉన్న ప్రతి రోజూ ఆవిడకు నష్టం చేస్తుంది.

నాకు మిగతావాటికంటే మేలనిపించే దారి ఒకటుంది, అందులోనూ కష్టం ఉంది. ఆవిడను ఈరోజే కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ తర్వాత మెయిల్ కూడా పంపమని చెప్పండి. అంతకంటే ముందు మీరే లీడ్‌కు రాయండి: ఇంటివారు వాసన గురించి చెప్పారు, యంత్రాలు తీసిన రోజు ఆ గోడ అంకె ఇది, ఆ రోజు మీకు చెప్పాను, మళ్లీ వెళ్లి చూడాలి. నింద లేకుండా, తేదీలతో ఇంతే రాయండి. అప్పుడు ఆవిడ ఫిర్యాదు లీడ్‌కు వెనుక నుంచి తగిలిన దెబ్బలా ఉండదు. చాలామంది లీడ్లు ఇలాంటప్పుడు దాన్ని వెంటనే అందుకుని సరిచేయడానికే చూస్తారు, ఎందుకంటే ముందే సరిచేస్తే ఖర్చు తక్కువ. ఆయన కోపగించుకునే అవకాశమూ ఉంది, దానికి సిద్ధపడండి.

ఆవిడతో మాట్లాడేటప్పుడు, ఆ రోజు మీరన్న మాటను సవరించాలి. "ఆంటీ, ఆరిపోతుందని చెప్పాను గానీ ఆ గోడ అంకె ఇంకా ఎక్కువగానే ఉండింది. మీరు కంపెనీకి చెప్పడమే మంచిది, నా ఉద్యోగం గురించి ఆలోచించి ఆగవద్దు. అప్పటిదాకా ఆ షీటును ఎవరూ పీకవద్దు, అటువైపు ఫ్యాను పెట్టవద్దు" అనండి. ఇన్సూరెన్స్ చెల్లిస్తుందా, ఎంత చెల్లిస్తుంది, తప్పు ఎవరిది అన్న విషయాల్లోకి మాత్రం దిగకండి. పాలసీకి అర్థం చెప్పడం మీ పని కాదు, తెలియక చెప్పిన మాట ఆవిడను తప్పుదారి పట్టిస్తుంది. మన తెలుగువాడివి కదా నిజం చెప్పమని అడిగితే, కొలిచిన అంకెలే చెప్పండి.

లీడ్‌ను దాటి నేరుగా యజమాని దగ్గరికి వెళ్లడాన్ని నేను ఇప్పుడే సూచించను. టెక్సస్‌లో కారణం చూపకుండానే ఉద్యోగం నుంచి తీసేసే వీలు యజమానులకు ఉంది, చిన్న కంపెనీల్లో లీడూ యజమానీ ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారై ఉండవచ్చు. మీరు రాసినదానికి ఒకటి రెండు రోజుల్లో జవాబు రాకపోతే, లేదా పాత అంకెలు మార్చి రాయమని ఎవరైనా అడిగితే, అప్పుడు అదే సందేశాన్ని యజమానికి పంపండి. అంకెలు మార్చమంటే మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. ఉద్యోగం పోయినా ఇంకోచోట దొరుకుతుంది. రికార్డు దిద్దాడన్న పేరు వస్తే ఈ రంగంలో మళ్లీ ఎవరూ నమ్మరు.

మానేయాలా అని అడిగారు. మూడు రోజుల పాటు అదే చోట అదే అంకె వస్తుంటే కుదురుగా ఉండలేకపోయిన మనిషి ఈ పనికి సరిపడడని నేను అనుకోను. ఐఐసీఆర్‌సీ వారి నీటినష్టం కోర్సు, అందరూ డబ్ల్యూఆర్‌టీ అనేది, కంపెనీ ఖర్చుతో చేయించమని అడగండి. వారు కాదంటే, మీకు వీలైతే సొంతంగానైనా చేయండి. గోడలు ఎలా కడతారో మీకు హైదరాబాద్‌లోనే తెలుసు, అక్కడి ఇటుక గోడకూ ఇక్కడి చెక్క గోడకూ నీటి నడక వేరు, అది కోర్సులో పట్టుబడుతుంది. 1980కి ముందు కట్టిన ఇళ్లలో పైకప్పు పూతలు, పాత నేల పలకలు కోయాల్సి వస్తే ఆస్బెస్టాస్ పరీక్ష అయిందా అని అడగడం కూడా అక్కడే అలవాటవుతుంది.

చివరిగా ఒక కోరిక. లైసెన్సు ఉన్నవారు వచ్చి ఆ పూజగది గోడ తెరిచే రోజు మిమ్మల్నీ పంపమని లీడ్‌ను అడగండి, వారి అనుమతితో, తగిన మాస్కుతో తెర అవతల నిలబడి చూడండి. లీకా, షీటా, ఆగిన ఫ్యాన్లా అన్నది అప్పుడు తేలుతుంది. తేలిన కారణాన్ని 27, 26, 26 అని రాసుకున్న పేజీలోనే, ఆ అంకెల కింద రాసుకోండి. తడవని గోడను కొలిచిన అంకె కోసం కూడా అక్కడ ఒక గడి గీసి ఉంచండి, రేపు వెళ్లే ఇంట్లో ముందుగా నింపవలసింది అదే.